ఏదీ, చెవి చూపించు

ఇంటర్ చదివే అమ్మాయి రెండు వారాలుగా జడ వేసుకోవడం మానేసిందనుకోండి. ఫ్యాషన్ కాబోలని ఊరుకుంటాం. ఓ పూట దువ్వెన తగిలి కెవ్వుమంటే అప్పుడు బయటపడుతుంది: చెవి పైభాగం కుట్టించుకుంది, అది వాచి ఎర్రబడింది. చెబితే తిడతామని దాచింది. ఆ పుండు కంటే ఆ దాపరికమే నాకు ఎక్కువ భయం.

ఈ విషయంలో మనమేమీ శుద్ధపూసలం కాదు. పిల్లకి ఊహ తెలియకముందే చెవులు కుట్టించినవాళ్లం. మా అమ్మమ్మ ముంజేతి మీద జాతరలో పొడిపించుకున్న తేలు బొమ్మ చివరిదాకా పచ్చగానే ఉంది. అందుకని ‘మన ఇంటావంటా లేదు’ అంటూ మొదలుపెట్టకండి, నవ్వుతారు.

తేడా ఎక్కడుందో చెప్పండి. చెవి తమ్మె మెత్తటి కండ, రక్తం బాగా ఆడుతుంది, 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. పైభాగం మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు. అక్కడ చీము పడితే మందు సరిగా అందదు, చెవి ముడుచుకుపోయి ఆకారమే మారిపోవచ్చు. మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. దుకాణాల్లో టప్పున కొట్టే గన్ ఆ మృదులాస్థిని నలగ్గొడుతుంది. పైగా చాలా గన్‌లను ఆవిరిలో శుద్ధి చేయడానికి వీలుండదు. కాబట్టి పైచెవికి గన్ వద్దు, ఒకసారి వాడి పారేసే సూదే కావాలి. నాలుకకైతే నేను ఒప్పుకోను. పూస తగిలి పళ్లు విరుగుతాయి, చిగుళ్లు దెబ్బతింటాయి.

పచ్చబొట్టుకి సూదే కాదు, రంగు పోసే చిన్న గిన్నె కూడా మనిషికొకటి కొత్తది ఉండాలి. ఇది చాలామందికి తట్టదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా 7 రోజులదాకా బతికి ఉండగలదు. దానికి టీకా ఉంది, పిల్లలకు అన్ని డోసులూ పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. హెపటైటిస్ సి కి టీకానే లేదు. ఇంట్లో ఎవరికైనా పాత గాయం మచ్చ బుడిపెలా పెరిగే తత్వం ఉన్నా, పిల్లలకు షుగరో గుండె జబ్బో ఉన్నా ముందు డాక్టరుని అడగాలి.

అబ్బాయి సైన్యంలో చేరతానంటుంటే ఇంకో మాట. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప మరోచోట శాశ్వత పచ్చబొట్టు ఉంటే మామూలుగా తీసుకోరు. గిరిజన ఆచారానికి మాత్రం మినహాయింపు ఉంది. మన ఉపన్యాసాలన్నిటికంటే ఈ ఒక్క మాట బాగా పనిచేస్తుంది! పచ్చబొట్టు పొడిపించుకున్నాక ఏడాదిదాకా రక్తదానానికీ పనికిరారు.

‘వద్దు’ అనే బదులు ‘ఆగు’ అనండి. ఆ బొమ్మని ఆరు నెలలు ఫోన్ తెర మీద పెట్టుకోమనండి. లేజర్‌తో చెరిపించాలంటే ఎన్నోసార్లు తిరగాలని, అయినా మచ్చ మిగలొచ్చని చెప్పండి. పద్దెనిమిది నిండాక కూడా మనసు మారకపోతే మీరే తోడు వెళ్లి, సూది పొట్లం కళ్లముందే విప్పించండి.

ఇంటికొచ్చాక పసుపూ నూనే రాయకండి. కుట్టించిన చోటైతే మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడిగితే చాలు. చీము పడితే పోగును మీరు లాగేయకండి, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది. జ్వరం వచ్చినా, ఎరుపు పాకుతున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి. అంతదాకా రాకుండా, మొదటి నెలంతా పొద్దున్నే కాఫీ అందిస్తూ ‘ఏదీ, ఓసారి చూపించు’ అనండి, గొంతులో కోపం లేకుండా.