ఉష్ణరాశి – విస్ఫోటనశక్తి: కొలమానముల మార్పిడి

శక్తి యొక్కటే అయినను దానిని కొలుచు ప్రమాణములు పెక్కు. ఆహారమును గూర్చి చెప్పువారు కెలోరీలలోను, విద్యుచ్ఛాఖవారు యూనిట్లలోను, భౌతికశాస్త్ర గ్రంథములు జౌల్‌లలోను, ప్రేలుడు పదార్థములను గూర్చి వ్రాయువారు టి.ఎన్.టి. టన్నులలోను లెక్కింతురు. ఒకదాని నుండి మరియొకదానికి మార్చుట కష్టము కాదు. అయితే ఆ మార్పిడి మనకేమి తెలుపును, ఏమి తెలుపదు అనునదియే మేమిచట ముఖ్యముగ చర్చింపదలచినాము.

ముందుగ ఒక మాట. ఉష్ణము వేరు, ఉష్ణోగ్రత వేరు. ఉర్దూలో ‘హరారత్’ అను ఒక్క మాటయే వేడిమికిని, ఒంటి నలతగానుండు కొద్దిపాటి జ్వరమునకును వాడుదురు. తెలుగులోను ‘వేడి’ అట్టిదే. శాస్త్రములో మాత్రము ఈ రెంటిని కలుపరాదు. ఒక గ్రాము నీటి ఉష్ణోగ్రతను ఒక సెంటిగ్రేడు డిగ్రీ పెంచుటకు కావలసిన ఉష్ణరాశి ఒక కెలోరీ. అది 4.184 జౌల్‌లకు సమానము. వేయి కెలోరీలు ఒక కిలోకెలోరీ. బ్రిటిషు ఉష్ణ ప్రమాణము సుమారు 252 కెలోరీలు. మన ఇంటి కరెంటు బిల్లులోని ఒక యూనిట్, అనగా కిలోవాట్-గంట, 36 లక్షల జౌల్‌లు, లేక సుమారు 860 కిలోకెలోరీలు.

ఇక టి.ఎన్.టి. ఒక గ్రాము ప్రేలినపుడు వెలువడు శక్తి ప్రయోగమును బట్టి కొంత మారుచుండును. అందుచేత చిక్కు లేకుండ, గ్రాముకు సరిగా 1,000 కెలోరీలని ఒప్పుకొనిరి. ఆ లెక్కన కిలోకు 1,000 కిలోకెలోరీలు, టన్నుకు 1,162 యూనిట్లు, కిలోటన్నుకు 11 లక్షల 62 వేల యూనిట్లు.

మన పొరుగున కృష్ణానదిపై నున్న జూరాల జలవిద్యుత్కేంద్రమును తీసికొందము. అందు 39 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. మొత్తము 234 మెగావాట్లు. అన్నియు పూర్తిగా నడచిన, గంటకు 2 లక్షల 34 వేల యూనిట్లు. అనగా ఒక కిలోటన్ను శక్తి జూరాలలో సుమారు ఐదు గంటల ఉత్పత్తి! 1945 ఆగస్టు 6న హిరోషిమాపై పడిన బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు. జూరాల మూడు దినములకు కొంచెము మించి పనిచేసిన అంత శక్తి నిచ్చును. ఒకచోట దీపములు వెలిగినవి, పంపులు నడచినవి. మరియొకచోట నగరము బూడిదయ్యెను.

ఇంకను వింత గలదు. మన పొలములలో పండు వేరుశనగ గింజలు కిలోకు సుమారు 5,600 కిలోకెలోరీలు. టి.ఎన్.టి. కంటె ఐదు రెట్లకు మించిన శక్తి పల్లీలలో నున్నది! విద్యార్థులు నవ్వవచ్చును గాని లెక్కలో తప్పులేదు. గింజలు గాని, వంటచెరకు గాని, డీజిలు గాని మండుటకు ప్రాణవాయువును బయటి గాలినుండి గ్రహించును. గాలి అందినంత మేరకే మంట. ప్రేలుడు పదార్థమో, ఆ ప్రాణవాయువును తన అణువులోనే ఇముడ్చుకొని యుండును. ఆ బరువును మోయుటచేతనే దాని శక్తి కిలోకు తక్కువ. దేనికొరకును వేచియుండ నక్కర లేదు గనుకనే అంత వేగము. టి.ఎన్.టి.లో విస్ఫోటన తరంగము సెకనుకు సుమారు 6,900 మీటర్లు పోవును. పది సెంటీమీటర్ల దిమ్మ సెకనులో లక్షవ వంతు కంటె కొంచెము ఎక్కువ కాలములో ముగిసిపోవును. కిలో పల్లీలను మన దేహము రెండు దినములకు పైగా ఖర్చు చేయును.

కాబట్టి ‘ఇన్ని కిలోల టి.ఎన్.టి.కి సమానము’ అను వాక్యమును చూచినపుడు, ఎంత కాలములో, ఎంత భాగము అని అడుగవలెను. 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరులో సుమారు 156 కిలోల టి.ఎన్.టి.కి సరిపడు ఉష్ణశక్తి కలదు. పొయ్యిమీద నెల దినములు మండిన అది అన్నము వండును. కారి గాలిలో కలిసి అంటుకొన్నచో, సాధారణముగ అందులో నూటికి కొన్ని పాళ్ళు మాత్రమే ప్రేలుడు తాకిడిగా మారును. ఐదు పాళ్ళనుకొన్నను ఎనిమిది కిలోలు. ఒక ఇంటి గోడలకు అది చాలును. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నపు నూనెశుద్ధి కర్మాగారములో కారిన వాయువు అంటుకొని పలువురు మరణించిరి.

డీజిలు సంగతి వేరు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, పెబ్బేరు మీదుగా పోవు ఈ జాతీయ రహదారిపైననే, కొత్తకోట సమీపమున పాలెం వద్ద, బెంగళూరు నుండి హైదరాబాదు పోవుచున్న బస్సు కల్వర్టును ఢీకొనెను. ఇంధన ట్యాంకు అంటుకొని 45 మంది సజీవదహనమైరి. లీటరు డీజిలులో సుమారు 36 మెగాజౌల్‌ల శక్తి కలదు. నూరు లీటర్లనుకొన్న 3,600 మెగాజౌల్‌లు, మార్పిడి చేసిన సుమారు 860 కిలోల టి.ఎన్.టి. ఈ సంఖ్యను మాత్రమే చూచువాడు బస్సు తునాతునకలు కావలెననుకొనును. కాని పట్టీలో కనబడనిది కాలము. ఆ డీజిలు పది నిమిషములలో మండిపోయినదని యూహించినచో సెకనుకు 6 మెగాజౌల్‌లు, అనగా 6 మెగావాట్లు. జూరాలలోని ఒక్క యంత్రపు శక్తిలో ఆరవ వంతుకు దగ్గర, అదంతయు ఒక బస్సు పొడవున. ప్రేలుడులో మనిషికి క్షణము కూడ మిగులదు. మంటలో కొన్ని క్షణములు మిగులును, తలుపు తెరచుకొన్నచో.