ఉష్ణోగ్రతకు రెండు కొలతలు

వాతావరణ శాఖవారు ప్రకటించు ఉష్ణోగ్రత సెంటిగ్రేడు డిగ్రీలలో ఉండును. ఇంటిలో జ్వరము చూచు థర్మామీటరు, పశువులకు వాడు థర్మామీటరు పెక్కుచోట్ల నేటికిని ఫారన్‌హీటు డిగ్రీలనే చూపుచున్నవి. 40 అను అంకె మొదటి కొలతలో మండుటెండ. రెండవ కొలతలో గజగజ వణకించు చలి. కావున ఏ కొలతయో చెప్పని అంకెను నమ్మి పని చేయరాదు.

నీరు గడ్డకట్టు చోటు సెంటిగ్రేడులో 0, ఫారన్‌హీటులో 32. నీరు మరుగు చోటు 100, 212. అనగా ఒకే వేడిమిని ఒకటి 100 భాగములుగను, రెండవది 180 భాగములుగను పంచినవి. అందుచే సెంటిగ్రేడు డిగ్రీ పెద్దది. అది ఫారన్‌హీటు డిగ్రీలు 1.8కి సమానము. (1742లో సెల్సియస్ పండితుడు మరుగు నీటికి 0, మంచుకు 100 అని తలక్రిందుగా పెట్టినాడు! తరువాతివారు త్రిప్పిరి. 1948 నుండి సెంటిగ్రేడునకు ఆయన పేరే అధికార నామము.)

లెక్క తప్పినచో పైరుకే నష్టమని చెరకు రైతు తెలిసికొనవలెను. గడ్డిదుబ్బు తెగులు నివారణకు ముచ్చెలను 52 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో 30 నిముషములు ఉంచవలెనని సిఫారసు. దగ్గరనున్నది ఫారన్‌హీటు ఉష్ణమాపకమైనచో ఏ గీతవద్ద ఆపవలెను? 52ను రెట్టింపు చేయగా 104. అందులో పదవవంతు 10.4 తీసివేయగా 93.6. దానికి 32 కలుపగా 125.6. ఇది ఉజ్జాయింపు కాదు, సరియైన లెక్కయే.

32ను చివరనే కలుపవలెను. తొందరపడి ముందే కలిపినచో 84 అగును. దానిని రెట్టించి పదవవంతు తీసిన 151.2 వచ్చును. అది 66 డిగ్రీల సెంటిగ్రేడుకు పైమాట! ఆ నీటిలో ముచ్చెల కళ్ళు ఉడికిపోవును, నాటినను మొలవవు. తొట్టి ప్రక్క గోడపై రెండు అంకెలును వ్రాసి ఉంచుట మేలు. నేటి ఎలెక్ట్రానిక్ ఉష్ణమాపకములు కొన్ని మీట నొక్కగనే కొలత మార్చును. సీ అక్షరమున్నదో, ఎఫ్ అక్షరమున్నదో ముందు చూడవలెను. జ్వరపు థర్మామీటరును మాత్రము తొట్టిలో ముంచరాదు. అది అంత వేడికి చేసినది కాదు, గాజు పగులును.

ఫారన్‌హీటును మార్చుటకు ముందు 32 తీసివేసి, మిగిలినదానిని 5చే గుణించి 9చే భాగింపవలెను. ఆవు ఒంటి వేడి సాధారణముగా 101.5 ఫారన్‌హీటు, అనగా 38.6 సెంటిగ్రేడు. జ్వరము వచ్చి 104కు చేరినదనుకొనుడు: 32 పోగా 72, ఐదింతలు 360, తొమ్మిదవ వంతు 40. సెంటిగ్రేడు థర్మామీటరు చూచినవారు 'పెరిగినది డిగ్రీన్నర లోపే గదా' అని ఊరకుందురు. అది ఫారన్‌హీటులో రెండున్నర డిగ్రీలు. పశువైద్యునికి చూపవలసిన జ్వరమే.

హెచ్చుతగ్గులను మార్చునపుడు 32తో పనిలేదు, 1.8చే గుణించిన చాలును. ఆ 32 కొలత మొదలుపెట్టు చోటులోని తేడాయే గాని పెరుగుదలలోనిది కాదు. మైదానములలో పగటి ఉష్ణోగ్రత 40 సెంటిగ్రేడు చేరి, సాధారణముకంటె 4.5 డిగ్రీలు అధికమైనపుడు వాతావరణ శాఖ వడగాలులని ప్రకటించును. గ్రామోద్యోగి నోటీసు బల్లపై దీనిని ఫారన్‌హీటులో వ్రాయదలచినచో '104 చేరి, 8.1 డిగ్రీలు అధికము' అని వ్రాయవలెను. అలవాటుకొద్ది 32 కలిపిన '40.1 డిగ్రీలు అధికము' అగును. అంత ఎండ ఏ ఊరను కాయదు.