ఏ మిషన్ కొనాలి? ముందు ఏం కుడతారో తేల్చుకోండి

ఇంట్లోనే బట్టలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుందామనుకునే ఆడవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘ఏ కంపెనీ మిషన్ మంచిది?’ దుకాణదారు దగ్గర దీనికి జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కానీ కంపెనీ దాకా వెళ్లకముందే మీరు తేల్చుకోవలసినవి రెండున్నాయి. మీ చేతికి ఎక్కువగా వచ్చే పని ఏది? మిషన్ మొరాయించిన రోజున దాన్ని విప్పి బాగుచేసే మెకానిక్ మీకు ఎంత దూరంలో ఉన్నాడు? ఈ రెండూ తెలిస్తే, మిషన్ సగం ఎంచుకున్నట్టే.

మన ఊళ్లలో ఇంట్లో కుట్టేవాళ్ల దగ్గరికి వచ్చే పని ఇంచుమించు అందరికీ తెలిసిందే. లైనింగ్ బ్లౌజులు, చీరలకు ఫాల్, పీకో, నైటీలు, లంగాలు, పంజాబీ డ్రెస్సులు, వదులు చేయడం, బిగించడం. స్కూళ్లు తెరిచే ముందు యూనిఫాంలు. తెలంగాణలో సర్కారు బడుల యూనిఫాం కుట్టే పని మహిళా సంఘాలకే అప్పగిస్తున్నారు కాబట్టి సంఘంలో ఉన్నవాళ్లకు అదొక దారి. ఈ పనుల్లో పీకోనూ, అంచులు పోగులు లేవకుండా చేసే ఓవర్‌లాక్‌నూ పక్కన పెట్టండి. మిగిలిందంతా తిన్నటి కుట్టే. ఇరవై రకాల కుట్లు, ముప్పై రకాల కుట్లు అని అట్టపెట్టె మీద రాసి ఉన్నది చూసి మనసు పడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి. ఆ పువ్వుల కుట్లు మొదటి నెలలో దిండు గలీబుల మీద వేసి చూస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి మీకు తిండిపెట్టేది తిన్నటి కుట్టొక్కటే. అది ఏ మిషన్ మీద బాగా పడుతుందో చూసుకోవాలి.

అందుకే కొత్తగా మొదలుపెట్టి, ముఖ్యంగా బ్లౌజులు కుట్టాలనుకునేవారికి నేను చెప్పేది నల్ల ఇనుప మిషనే. కాలితో తొక్కే స్టాండు, పైన టేబుల్, పక్కన చిన్న మోటారు. చూపుకు పాతకాలపుదిగా కనిపిస్తుంది, నిజమే. కానీ దాని బరువే దాని బలం. కుడుతున్నప్పుడు అదరదు. ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు: తిన్నటి కుట్టు మాత్రమే వేసే మిషన్‌కు సూది దిగే రంధ్రం చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్‌లో సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి ఆ రంధ్రం అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. జార్జెట్, షిఫాన్, పల్చటి పట్టు కుట్టేటప్పుడు గుడ్డ మొదలు ఆ వెడల్పు రంధ్రంలోకి లాక్కుపోయి నలుగుతుంది. గుండ్రటి రంధ్రమైతే ఆ బాధ చాలా తక్కువ. కస్టమర్ తెచ్చిన ఖరీదైన పట్టు గుడ్డ మీద మొదటి అంగుళం ఎలా పడిందన్నది చిన్న విషయం కాదు.

ఈ నల్ల మిషన్లలో మామూలు టైలర్ మోడల్ ఒకటి, లింక్ మోడల్ ఒకటి దొరుకుతాయి. దారాన్ని పైకి లాగే మీట లింక్ మోడల్‌లో మెత్తగా కదులుతుంది. చప్పుడు తక్కువ, రోజంతా నడిపినా హాయిగా ఉంటుంది. రోజుకు ఒకటి రెండు బ్లౌజులైతే టైలర్ మోడల్ చాలు. ఇంతకన్నా పని ఉంటుందనిపిస్తే లింక్ మోడల్ మీద కొంచెం ఎక్కువ పెట్టడం వృథా కాదు. మోటారు పెట్టించుకున్నా సరే, కాలి తొక్కుడు, దాని బెల్టు తీసేయకండి. పండగ ముందు రోజు కరెంటు పోతే ఆ తొక్కుడే అక్కరకు వస్తుంది.

తెల్లటి, చేత్తో ఎత్తి అల్మరాలో పెట్టుకోగల జిగ్‌జాగ్ మిషన్లు పనికిరానివని నేననను. అద్దె ఇంట్లో చోటు లేనివారికి, సొంత పిల్లల బట్టలు, కర్టెన్లు, దుప్పట్లు కుట్టుకునేవారికి, టీ షర్టుల్లాంటి సాగే గుడ్డతో పని ఉన్నవారికి అవే మేలు. కాజాలు అవే వేస్తాయి. 85 వాట్ల దగ్గర్లో కరెంటు తీసుకునేవే ఎక్కువ గనుక ఇంటి ఇన్వర్టర్ మీద కూడా నడుస్తాయి. వాటికి కష్టమయ్యేది చంక దగ్గర. లైనింగ్ బ్లౌజుకు పక్క కుట్టు, చేతులు అతికే కుట్టు కలిసే చోట ఎనిమిది పొరలకు తక్కువ ఉండవు. పైపింగ్ తోడైతే ఇంకా మందం. అక్కడ తేలికపాటి మిషన్ మూలిగి ఆగిపోతుంది, లేదా కుట్టు వదిలేస్తుంది. రోజుకు ఐదారు చోట్ల అలా జరిగితే పని మీద ప్రేమే పోతుంది. ఇక అరచేతిలో పట్టే బుల్లి మిషన్లు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తుంటాయి. సంపాదన కోసం కొనేవాళ్లు వాటి వైపు చూడనే వద్దు.

జాక్, జుకి లాంటి కంపెనీల పెద్ద ఫ్యాక్టరీ మిషన్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈమధ్య చాలామంది మొదటి మిషన్‌గానే వాటిని కొనేస్తున్నారు. ఇంటి జిగ్‌జాగ్ మిషన్ నిమిషానికి 800 కుట్లు వేస్తుందనుకుందాం. ఒక్కో కుట్టు రెండున్నర మిల్లీమీటర్లయితే నిమిషానికి 2 మీటర్లు నడుస్తుంది. ఫ్యాక్టరీ రకం మిషన్ 4,000 కుట్లు వేస్తే అదే నిమిషంలో 10 మీటర్లు. ఐదు రెట్లు. అయితే సంపాదన కూడా ఐదు రెట్లవుతుందా? బ్లౌజులో కుట్లన్నీ జానెడు, మూరెడు. ప్రతి చోటా ఆగాలి, గుడ్డ తిప్పాలి, డాట్ దగ్గర నెమ్మదించాలి. పైగా కొలతలు, కటింగు, ఇస్త్రీ, హెమ్మింగు, హుక్కులు, వీటికే సగానికి మించి సమయం పోతుంది. అవేవీ మిషన్ వేగంతో తగ్గవు. నైటీలు, లంగాలు, దిండు గలీబులు, యూనిఫాంలు వేరే సంగతి. అక్కడ పొడుగాటి తిన్నటి కుట్లు, ఒకే కొలతలో పదులకొద్దీ. అక్కడ వేగం నేరుగా డబ్బు అవుతుంది. కాబట్టి దుకాణాలకు నైటీలు కుట్టిచ్చే ఆర్డరు, యూనిఫాం ఆర్డరు చేతిలో ఉంటే పెద్ద మిషన్ కొనండి, సందేహించకండి. అచ్యుతాపురం లాంటి చోట గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చినవారైతే అలాంటి మిషన్ మీదే చేయి తిరిగి ఉంటుంది. వాళ్లకు నల్ల మిషన్ ఇచ్చి కూర్చోబెడితే విసుగు పుడుతుంది. అలవాటు కూడా ఒక పెట్టుబడే.

పెద్ద మిషన్ తీసుకునేవారు మోటారు ఏదో అడగండి. పాత క్లచ్ మోటారు, మీరు కుట్టినా కుట్టకపోయినా స్విచ్ వేసినంతసేపూ హోరుమని తిరుగుతూనే ఉంటుంది. సర్వో మోటారు మీరు తొక్కినప్పుడే తిరుగుతుంది, వేగం తగ్గించి పెట్టుకోవచ్చు, చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ. ఇంట్లో పసిపిల్లలు, పక్క వాటాలో మనుషులు ఉన్నప్పుడు సర్వో తప్ప మరొకటి వద్దు. టేబుల్ దాదాపు నాలుగడుగుల పొడవుంటుంది. కొనేముందు టేపు పెట్టి గదిలో కొలుచుకోండి, తలుపు తెరుచుకోవాలి కదా.

ఇప్పుడు మెకానిక్ సంగతి. మీ వీధిలో, మీ బజారులో ఏళ్లుగా కుడుతున్న ఇద్దరు ముగ్గురు టైలర్లను కలవండి. మిషన్ పాడైతే ఎవరిని పిలుస్తారు, ఎన్నాళ్లకు వస్తాడు, ఏ మిషన్ మీద అతనికి చేయి బాగా తిరుగుతుంది, ఈ మూడూ అడగండి. నల్ల మిషన్ల అమరిక దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. లుధియానాలో తయారయ్యే విడిభాగాలు చిన్న పట్నాల్లో కూడా దొరుకుతాయి. షటిల్, బాబిన్ కేసు, స్ప్రింగు, బెల్టు పది నిమిషాల్లో మారిపోతాయి. కంప్యూటర్ బోర్డు ఉన్న మిషన్ చెడితే జిల్లా కేంద్రానికో హైదరాబాదుకో పంపాలి. పెళ్లిళ్ల సీజనులో పది రోజులు మిషన్ లేకపోతే పోయేది ఆ పది రోజుల కూలి మాత్రమే కాదు, కస్టమర్లు కూడా. వాళ్లు పక్క వీధి టైలరుకు అలవాటు పడతారు. నా దృష్టిలో మెకానిక్ అందుబాటులో లేని గొప్ప మిషన్ కన్నా, మెకానిక్ ఉన్న మామూలు మిషన్ నయం.

దుకాణానికి ఉత్త చేతులతో వెళ్లకండి. అక్కడ వాళ్లు గంజి పెట్టిన కాటన్ ముక్క మీద కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషన్ అయినా ముత్యాల్లాంటి కుట్టే వేస్తుంది. మీ సంచిలో జార్జెట్ ముక్క, లైనింగ్ గుడ్డ, బ్లౌజు ముక్క, పాత జీన్స్ ముక్క, ఎరుపు దారం, నీలం దారం పెట్టుకోండి. పైన ఎరుపు, బాబిన్‌లో నీలం ఎక్కించి కుట్టమనండి. కుట్టింది వాళ్లయినా తిప్పి చూసేది మీరు కావాలి. పైన నీలం చుక్కలు కనిపిస్తే పై దారం బిగువు ఎక్కువ. కింద ఎరుపు ఉంగరాలు తేలితే బిగువు తక్కువ, లేదా దారం ఎక్కించడంలో తేడా. సర్దితే సరిపోవాలి. సర్దినా ఒక గుడ్డ మీద కుదిరి మరోదాని మీద కుదరకపోతే ఆ మిషన్ వదిలేయండి.

ఆ తర్వాత ఒకే పొడవున్న రెండు గుడ్డ పట్టీలను ఒకదాని మీద ఒకటి పెట్టి, చేత్తో లాగకుండా చివరిదాకా కుట్టండి. రెండు కొసలూ కలవాలి. పై గుడ్డ పొడుగ్గా మిగిలితే ఫుట్ ఒత్తిడి ఎక్కువైందన్నమాట. పై స్క్రూ కాస్త వదులు చేయించి మళ్లీ చూడండి. బ్లౌజు పక్క కుట్లు మెలి తిరగడానికి చాలాసార్లు ఇదే కారణం. నింద మాత్రం కటింగు మీద పడుతుంది. లైనింగ్‌తో ఎనిమిది పొరలు మడిచి ఆ గుట్ట ఎక్కించండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుట్టు పొడవు మారకూడదు. రివర్స్ మీట నొక్కి వెనక్కి కుట్టండి, ముందు కుట్టు మీదే పడాలి. మోటారు ఆపి చక్రాన్ని చేత్తో మెల్లగా మీ వైపు తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు. సూది ఉన్న కడ్డీని వేళ్లతో పట్టి అటూ ఇటూ కదపండి. కొత్త మిషన్‌లో ఊగకూడదు. చివరగా, కనీసం పావుగంట మీరే కూర్చుని కుట్టండి. కుర్చీ ఎత్తు, తొక్కుడు దూరం, మెడ వంగే తీరు మీ ఒంటికే తెలుస్తాయి. రోజుకు ఆరు గంటలు కూర్చోబోయేది మీరు.

పాత మిషన్ కొనడంలో తప్పేమీ లేదు. మంచి ఇనుప మిషన్ ఒక తరం వాడాక కూడా పనిచేస్తుంది. అయితే మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అతని రాకకు ఇచ్చే డబ్బు దండగ కాదు. గుడ్డను జరిపే కింది పళ్లు అరిగాయా, షటిల్ తుప్పు పట్టిందా, సూది ప్లేటు మీద సూది గుచ్చుకున్న గీతలున్నాయా అన్నది చూడాలి. ఫ్యాక్టరీ నుంచి తీసేసిన పెద్ద మిషన్లు తళతళలాడే కొత్త రంగుతో వస్తాయి. రంగును కాదు, చప్పుడును నమ్మండి.

డబ్బు విషయానికొస్తే, కొనకముందు ఒక పథకం గురించి కనుక్కోండి. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణలో రోజుకు 500 రూపాయల చొప్పున భత్యం, పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఈ-వోచర్, పూచీకత్తు లేకుండా మొదటి విడతగా లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు, అది తీర్చాక రెండో విడత 2 లక్షల దాకా. వయసు 18 నిండాలి, కుటుంబంలో ఒకరికే వర్తిస్తుంది, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు లేదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం తీసుకుని కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. నమోదు అక్కడే ఉచితం. మధ్యలో ఎవరైనా ‘ఖర్చులకు’ అని చేయి చాపితే ఇవ్వకండి. సంఘంలో ఉన్నవారికి సంఘం అప్పు ఉండనే ఉంది. ఏ అప్పయినా సరే, చేతిలో ఉన్నదంతా మిషన్ మీదే పెట్టేయకండి. మంచి కత్తెర, బరువైన ఇస్త్రీ పెట్టె, కటింగుకు నడుము ఎత్తు బల్ల, సూది మీద పడే ఎల్‌ఈడీ దీపం, ఇవి కూడా పనిముట్లే. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో రాత్రిళ్లు కుట్టేవారికి ఆ దీపం కళ్లను కాపాడుతుంది.

బిల్లు తీసుకోండి. మోటారుకు ఎన్నాళ్ల వారంటీ, షటిల్‌కు ఉందా లేదా అన్నది దాని మీద రాయించుకోండి. అదే రోజున సూదులు కూడా కొనండి: పల్చటి పట్టుకు 11, మామూలు బ్లౌజు గుడ్డకు 14, జీన్స్‌కు 16 లేదా 18. ఇంటి జిగ్‌జాగ్ మిషన్‌కు ఒక పక్క చదునుగా ఉండే సూది, పెద్ద మిషన్‌కు గుండ్రటి సూది. ఒకదాని సూది ఇంకోదానికి పెడితే కుట్లు వదిలేస్తుంది. నూనె కూడా మిషన్‌కని అమ్మే తెల్ల నూనెనే వాడండి. కొబ్బరినూనె చలికి పేరుకుని లోపల జిగురు పడుతుంది.

పీకో మిషన్, ఓవర్‌లాక్ మిషన్ మాత్రం మొదటి రోజే కొనకండి. మూడు నెలలు ఆ పని బయట చేయించుకోండి. ఎన్ని చీరలు వచ్చాయి, ఎన్ని డ్రెస్సులు వచ్చాయి, బయట ఎంత ఇచ్చారు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. నెలకు బయట ఇస్తున్న డబ్బు ఆ మిషన్ వాయిదాను దాటుతుందని లెక్క తేలిన నెలలో రెండో మిషన్ తెచ్చుకోవచ్చు.