చొక్కా కుదరకపోతే ఎవరిది పూచీ?

ప్రశ్న: మా అబ్బాయి నిశ్చితార్థానికి వేసుకుందామని గుడ్డ కొని, ఆది చొక్కాతో సహా టైలర్‌కిచ్చాను. కుట్టిచ్చిన చొక్కాకు కాలర్ గుండీ పట్టడం లేదు. భుజం కుట్టు చేతి మీదకు జారింది. అడిగితే "మీరే లావయ్యారు సార్" అంటున్నాడు. ఆ వారమే కొన్న రెడీమేడ్ చొక్కా వదులైంది. మార్చమంటే షాపువాళ్లు బిల్లు మీద ముద్ర చూపించారు: "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు". నేను చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీకు రెండు చొక్కాలూ కుదరలేదు. చట్టం మాత్రం రెంటినీ ఒకే గాటన కట్టదు.

ముందు టైలర్ సంగతి. డబ్బు తీసుకుని కుట్టడం సేవ. ఇచ్చిన కొలతలకు కుట్టకపోతే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవా లోపం. కేరళలో ఎర్నాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్ ఇలాంటి చొక్కా కేసులోనే పరిహారం చెల్లించమని టైలరింగ్ షాపును ఆదేశించింది. ఇక లావు మాట. ఒళ్లు చేస్తే పొట్ట దగ్గర గుండీలు లాగుతాయి, కాలర్ బిగుస్తుంది, ఒప్పుకుందాం. భుజం కుట్టు కిందికి జారడానికీ లావుకూ ఏం సంబంధం? అది భుజం ఎముక చివరన ఆగాలి. అక్కడ తేడా వచ్చిందంటే కత్తిరింపులోనే వచ్చింది. ఆది చొక్కా, కొత్త చొక్కా పక్కపక్కన పరిచి టేపు పెట్టి ఫొటోలు తీయండి. కొలతలు రాసిన చీటీ మీ దగ్గర ఉంటే సగం కేసు గెలిచినట్టే. చాలామంది దాన్ని టైలర్ పుస్తకంలోనే వదిలేసి వస్తారు.

రెడీమేడ్ దగ్గర మాత్రం నా మాట మీకు రుచించకపోవచ్చు. సైజు మీరే ఎంచుకుని, అది వదులైతే సరుకులో లోపం ఉన్నట్టు కాదు. మారుస్తామని షాపు మాటిచ్చి ఉంటే తప్ప మార్చి తీరాలని పట్టుబట్టలేరు. అయితే ఆ ముద్ర అన్నిటికీ అడ్డు కాదు. కుట్లు ఊడినా, లేబుల్ మీద ఉన్న సైజు చొక్కాలో లేకపోయినా అది లోపమే. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. కాబట్టి ఓసారి కొలిచి చూడండి. కాలర్ విప్పి పరిచి, గుండీ నుంచి కాజా దాకా కొలిస్తే చాలు. చాతీ కొలతతో జాగ్రత్త: లేబుల్ మీది అంకె ఒంటిదై ఉండొచ్చు, చొక్కాను దానికంటే వదులుగానే కుడతారు.

ఆన్‌లైన్‌లో కొని ఉంటే మీ పట్టు ఇంకాస్త గట్టిది. అక్కడి సైజు పట్టికే అమ్మకందారు ఇచ్చిన మాట. వచ్చిన చొక్కా దానికి సరిపోకపోతే వాపసు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: టైలర్‌కు చిన్న ఉత్తరం రాయండి. ఉచితంగా సరిచేయమనండి, వీలుకాకపోతే గుడ్డ ధర, కుట్టుకూలి ఇమ్మనండి. చాలా తగాదాలు ఇక్కడే తెగిపోతాయి. తెగకపోతే జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా కమిషన్. ఇలాంటి చిన్న మొత్తాలకు ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. ఈలోగా ఇంకో టైలర్ దగ్గర మాత్రం ఆ చొక్కా విప్పించకండి. కుట్టు విప్పితే సాక్ష్యం పోయినట్టే.