డేటాబేస్ డిజైన్ టూల్ కొనాలా, ఫ్రీది సరిపోతుందా? ఈ చిన్న టెస్ట్‌తో తేల్చుకోండి

ఫోన్ కొనేముందు కెమెరా, బ్యాటరీ చూస్తాం. మరి డేటాబేస్ డిజైన్ టూల్‌లో ఏం చూడాలి? నేనైతే ముందు ధర చూడను. గీసిన డిజైన్ మొత్తం ఎస్‌క్యూఎల్‌గా బయటకు వస్తుందా అన్నది చూస్తాను. రాకపోతే టేబుల్స్ అన్నీ మళ్లీ చేత్తో రాసుకోవాలి. అప్పుడు ఫ్రీ టూల్ కూడా ఖరీదైనదే.

టెస్ట్ ఎలా చేయాలి?

స్టూడెంట్స్, కోర్సెస్, ఎన్‌రోల్‌మెంట్స్ అని 3 టేబుల్స్ గీయండి. ఒక స్టూడెంట్ చాలా కోర్సుల్లో చేరొచ్చు, ఒక కోర్సులో చాలామంది ఉండొచ్చు. అందుకే ఎన్‌రోల్‌మెంట్స్‌లో స్టూడెంట్ ఐడీ, కోర్స్ ఐడీ రెండూ ఫారిన్ కీలు. ఆ రెండూ కలిస్తే ప్రైమరీ కీ.

ఇప్పుడు ఎస్‌క్యూఎల్ ఎక్స్‌పోర్ట్ చేసి ఖాళీ డేటాబేస్‌లో రన్ చేయండి. ఒకే స్టూడెంట్‌ని ఒకే కోర్సులో రెండుసార్లు చేర్చండి. తర్వాత అసలు లేని కోర్స్ ఐడీ ఇవ్వండి. రెండుసార్లూ ఎర్రర్ రావాలి. రాలేదంటే బొమ్మలో ఉన్న కీలు ఎస్‌క్యూఎల్‌లోకి రాలేదన్నమాట. ఎస్‌క్యూలైట్‌లో మాత్రం ఫారిన్ కీ చెకింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేశాకే చూడండి.

ఎవరికి ఏది?

మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్: కమ్యూనిటీ ఎడిషన్ ఫ్రీ. డయాగ్రమ్ నుంచి ఎస్‌క్యూఎల్, ఉన్న డేటాబేస్ నుంచి డయాగ్రమ్ రెండూ వస్తాయి. కాకపోతే ఇది మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకే.

డీబీవర్ కమ్యూనిటీ: ఫ్రీ, ఓపెన్ సోర్స్. ఇప్పటికే ఉన్న టేబుల్స్‌కి ఈఆర్ డయాగ్రమ్ చూపిస్తుంది. పాత ప్రాజెక్ట్ చేతికొస్తే నేను ముందు తెరిచేది ఇదే.

డీబీడయాగ్రమ్: బ్రౌజర్‌లోనే టెక్స్ట్ టైప్ చేస్తే బొమ్మ వస్తుంది. ఆ టెక్స్ట్‌ని గిట్‌లో పెడితే ఎవరు ఏ కాలమ్ మార్చారో లైన్ లైన్‌గా కనిపిస్తుంది. ఫ్రీ ప్లాన్‌కి పరిమితులున్నాయి.

పీజీమోడెలర్: పోస్ట్‌గ్రెస్ కోసం. సోర్స్ కోడ్ ఓపెన్, రెడీమేడ్ ఇన్‌స్టాలర్‌కి డబ్బు కట్టాలి. కంపైల్ చేసుకునే ఓపిక ఉంటే ఖర్చు లేదు.

కాలేజీ ప్రాజెక్ట్‌కి, చిన్న స్టార్టప్‌కి వీటిలో ఒకటి చాలు. పెద్ద టీమ్ ఒకే మోడల్ మీద రోజూ పనిచేస్తుంటే అప్పుడు పెయిడ్ గురించి ఆలోచించండి. ఏది వాడినా, డిజైన్ మారిన ప్రతిసారీ ఎస్‌క్యూఎల్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. రేపు టూల్ మార్చాల్సి వచ్చినా మీ పని మీ దగ్గరే ఉంటుంది.