జిహ్వకొక రుచి

“పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి” అని పెద్దలు చెప్పుదురు. ఒకే కుండలో వండిన కూరను, ఒకే రోట నూరిన పచ్చడిని ఒకే పంక్తిని కూర్చున్న అన్నదమ్ములకు వడ్డింతురు. ఒకడు మారు వడ్డింపుమని అడుగును. వేరొకడు దానిని విస్తరి అంచునకు త్రోసివేయును. ఒక తల్లి బిడ్డలకు ఇంత భేదమేల? ఇది పుట్టుకతో వచ్చినదా, అలవాటుచే కలిగినదా? ఈ ప్రశ్నకు సమాధానము కొంత నేలలోను, కొంత నీటిలోను, కొంత మన శరీరములోను ఉన్నది.

మొదట నేల సంగతి చూతము. పలనాడు కృష్ణానదికి దక్షిణమున నున్న సీమ. 2022వ సంవత్సరమున నరసరావుపేట కేంద్రముగా ఇది ప్రత్యేక జిల్లా అయినది. మాచర్ల, గురజాల ప్రాంతములలో నాపరాతి నేలలు మెండు. నది చెంతనే పారుచున్నను ఆ నీరు పూర్వము పొలములకు ఎక్కెడిది కాదు. వానను నమ్మి పండించుకొను జొన్నయే అచటివారికి ముఖ్యాహారము. పదునైదవ శతాబ్దివాడైన శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి, వరియన్నము దొరకక, జొన్నకూడు తినలేక, విసుగుతో చాటుపద్యములు చెప్పెనని ప్రతీతి. రాజుల పంక్తిని భుజించిన కవికి మ్రింగుడుపడని ఆ కూటినే పలనాటి రైతు గోంగూర పచ్చడితో కమ్మగా తిని, ప్రొద్దు గ్రుంకువరకు అరక దున్నెడివాడు.

1955 డిసెంబరు 10వ తేదీన నందికొండ వద్ద నాగార్జునసాగర్ ఆనకట్టకు జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కుడికాలువకు నీరు విడిచిరి. ఆ నీరు చేరిన పల్లెలలో వరి పండెను. జొన్నకూటికి మారుగా వరియన్నము కంచములకు వచ్చెను. తాత జొన్నకూడు తినెను. మనుమడు వరియన్నము తినుచున్నాడు. ఇద్దరిది ఒకే వంశము. మారినది నీరు మాత్రమే. కాబట్టి ఒక సీమవారు ఒక ధాన్యమును తినుటకు వారి వంశమే కారణమని తొందరపడి చెప్పరాదు.

అయినను, పుట్టుకకు ఏ పాత్రయు లేదనుటయు పొరపాటే. పలనాటి పల్లెలో ఒక రైతు కుటుంబమును ఊహింపుడు. దొడ్డిలో పాడిగేదె కలదు. నాయనమ్మ ప్రతి రాత్రి మనుమలిద్దరకు చెరియొక గ్లాసెడు పాలు ఇచ్చును. పెద్దవాడు గటగట త్రాగి నిద్రించును. చిన్నవాడు త్రాగిన కొంతసేపటికి కడుపు ఉబ్బి బాధపడును. “పాలు త్రాగనివానికి బలమెట్లు వచ్చునురా? ఇవన్నియు నీ వంకలు” అని నాయనమ్మ మందలించును. అన్న ఎగతాళి చేయును. మరునాడు అవే పాలను తోడుపెట్టిన పెరుగును మాత్రము చిన్నవాడు సుఖముగా తినును. అది చూచి అతనివి వంకలే యని ఇంటివారు నిశ్చయింతురు. నిజమునకు ఆ బాలుడు అబద్ధమాడుట లేదు.

పాలలో లాక్టోజ్ అను చక్కెర ఉండును. చిన్నప్రేగులోని లాక్టేజ్ అను ఎంజైము దానిని విడగొట్టినగాని అది ఒంటబట్టదు. పసిబిడ్డలకు సాధారణముగా ఈ ఎంజైము సమృద్ధిగా ఉండును. తల్లిపాలు మానిన పిమ్మట, తక్కిన క్షీరదములలో వలెనే, మానవులలో పెక్కుమందికి ఇది క్రమముగా తగ్గిపోవును. అప్పుడు జీర్ణము కాని చక్కెర పెద్దప్రేగునకు చేరును. అచటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువులను పుట్టించును. కడుపుబ్బరమునకు కారణమిదియే. పాలు తోడుకొనునపుడు పెరుగులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగమును ముందుగనే ఆమ్లముగా మార్చివేయును. అందుచే పెరుగు, మజ్జిగ అట్టివారికి చాలవరకు సరిపడును.

అన్నకు పాలు ఏల సరిపడినవి? మన శరీర లక్షణములను నిర్ణయించు జన్యువులు తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి చొప్పున మనకు వచ్చును. ఇట్టి వారసత్వ సూత్రములను గ్రెగర్ మెండెల్ అను సన్యాసి బఠానీ మొక్కలపై ప్రయోగములు చేసి 1866లో ప్రకటించెను. లాక్టేజ్ జన్యువునకు సమీపమున జరిగిన ఒక చిన్న మార్పు వలన కొందరిలో ఆ ఎంజైము పెద్దతనమునను తగ్గకుండునని 2002లో ఫిన్లాండు దేశపు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ మార్పు తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చినను చాలును. అన్నకు అది వచ్చినది, తమ్మునికి రాలేదు. ఒకే ఇంట రెండు విధములు కలుగుటకు కారణమిదియే.

వేల సంవత్సరముల క్రిందట పశువులను మేపి, పాలు త్రాగి బ్రతికిన జనులలో ఈ మార్పు మేలు చేయుటచే తరతరములుగా వ్యాపించినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి భారతీయుల జన్యువులను పరిశీలించి, మన దేశమున ముఖ్యముగా కనబడునది ఐరోపావారిలోని మార్పే యని తెలిపిరి. అది వాయవ్య భారతమున హెచ్చుగను, దక్షిణమునను తూర్పునను తక్కువగను ఉన్నది. పాలు సరిపడకుండుట ఒక లోపమని మనము తలంతుము. కాని మానవజాతికి అదియే పూర్వపు స్థితి. పెద్దవారికి పాలు సరిపడుటయే తరువాత వచ్చిన మార్పు.

ఇక చేదు సంగతి. 1931లో అమెరికాలోని డ్యుపాంట్ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫినైల్ థయోకార్బమైడ్ అను పొడిని సీసాలో పోయుచుండగా కొంత గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న మిత్రుడు “నోరంతయు చేదు” అని గొణిగెను. ఫాక్స్‌కు ఏ రుచియు తెలియలేదు. ఇద్దరును పంతమునకు ఆ పొడిని నాలుకపై వేసికొని చూచిరి. ఒకనికి కటికచేదు, రెండవవానికి మట్టితో సమానము! పిమ్మట ఎందరినో పరీక్షింపగా, లోకులలో ఈ రెండు తెగలును కలవని తేలెను. దీనికి మూలమైన జన్యువును 2003లో గుర్తించిరి. క్యాబేజీ, ఆవాకు మొదలగు వానిలో ఇట్టి పదార్థములే కొలదిగా ఉండును. కనుక ఒకనికి కమ్మగా నున్న క్యాబేజీ కూర వేరొకనికి చేదుగా తోచవచ్చును. అతడు విస్తరి అంచునకు త్రోయుట పొగరుచే కాకపోవచ్చును.

ఒక చిన్న పరీక్ష ఎవరైనను చేయవచ్చును. కూర కలుపని అన్నమును నోట నుంచుకొని చాలసేపు నమలినచో తీయనగును. లాలాజలములోని అమైలేజ్ అను ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా మార్చుటయే దీనికి కారణము. ఈ ఎంజైమునకు సంబంధించిన జన్యువు ప్రతులు అందరకు ఒకే సంఖ్యలో ఉండవు. ధాన్యములు, దుంపలు హెచ్చుగా తినుచు వచ్చిన జాతులలో ఈ ప్రతులు సగటున ఎక్కువగా ఉన్నవని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొంతవరకు మన పూర్వుల భోజనము మన శరీరమును తీర్చినదని దీనివలన తెలియుచున్నది.

మరి పలనాటి కారము మాట యేమి? కారము నిజమునకు రుచి కాదు. అది నాలుకకు కలుగు మంట. మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారు 1498లో మన దేశమునకు వచ్చిన పిమ్మటనే అది ఇచట కాలూనినది. అంతకుముందు మన వంటలకు మిరియాలే కారము. కాబట్టి మిరపపై మక్కువ అనాదిగా వచ్చినది కాదు. చిన్ననాటినుండి కొంచెము కొంచెముగా మరగిన అలవాటే దీనికి ముఖ్యకారణము. ఈ మరగుట తల్లిగర్భముననే మొదలగుననుటకును సాక్ష్యము కలదు. గర్భవతులుగా నున్నపుడు క్యారెట్ రసము త్రాగిన తల్లుల బిడ్డలు, తరువాత ఆ రుచిగల ఆహారమును ఇష్టముతో తినిరని 2001లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధన తెలిపెను. పుట్టుకతో వచ్చినదంతయు వంశమునుండి వచ్చినది కాదని దీనివలన గ్రహింపవలెను.

ఇట్లు వంశము ఒక హద్దు గీయును. ఆ హద్దులోపల నేలయు, నీరును, తల్లి చేతి వంటయు మన రుచిని తీర్చును. అన్నదమ్ముల నడుమనే కనబడు ఈ భేదమును ఒక కులమునకు గొప్పగను, వేరొక కులమునకు తక్కువగను అంటగట్టుట అవివేకము. పండ్రెండవ శతాబ్దిలో మాచర్ల మంత్రియైన బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెను. దానినే చాపకూడు అందురు. కారెంపూడిలో జరుగు వీరుల తిరునాళ్ళలో నేటికిని ఆ ఆచారము నిలిచియున్నది. ఒకే చాపపై కూర్చుండుటకు ఒకే నాలుక ఉండనక్కరలేదు.

ఆ రైతు ఇంటి నాయనమ్మకు ఈ సంగతి ఎవరైన తెలిపినచో ఏమి చేయును? పెద్దవానికి పాలును, చిన్నవానికి చిక్కని మజ్జిగయు ఇచ్చును. గేదె ఒక్కటే, ప్రేమయు ఒక్కటే, గ్లాసులే వేరు.

ప్రశ్నలు

1. పలనాటివారి ముఖ్యాహారము జొన్ననుండి వరికి మారుటకు కారణమేమి? దీనివలన ఏమి తెలియుచున్నది?
2. పాలు సరిపడని బాలునికి పెరుగు ఏల సరిపడినది?
3. ఆర్థర్ ఫాక్స్ ప్రయోగశాలలో జరిగిన సంఘటనను మీ సొంత మాటలలో వ్రాయుడు.
4. “ఒకే చాపపై కూర్చుండుటకు ఒకే నాలుక ఉండనక్కరలేదు” అను వాక్యమును వివరింపుడు.