సెలవుల్లోనూ రోజుకో గంట ఆట



స్కూలున్న రోజుల్లో గేమ్స్ పీరియడ్, మెట్లెక్కడం, స్నేహితులతో పరుగులు ఉంటాయి. వేసవి సెలవుల్లో అవన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, చేతికి ఫోన్ వస్తుంది. జూన్‌లో మొదటి వారమంతా డెస్క్ మీద తల వాల్చే పిల్లలను క్లాసులో ఏటా చూస్తుంటాం.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కాస్త ఆయాసం వచ్చేలా ఆడాలి. గంటా ఒకేసారి కానక్కర్లేదు. ఉదయం ఎండ ముదరకముందు అరగంట, సాయంత్రం ఎండ తగ్గాక అరగంట చాలు. ఆడి వచ్చాక మంచినీళ్లో మజ్జిగో ఇవ్వండి.

వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడే ఆటలు ఉండాలి. అందుకు సమ్మర్ క్యాంపు ఫీజే కట్టక్కర్లేదు. తొక్కుడు బిళ్ల, తాడాట రెండూ గెంతే ఆటలే. గెంతినప్పుడు కాళ్ల మీద పడే బరువే ఎముకలను బలపరుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా ఆడుకోవచ్చు, బండ్లు తిరగని వేళ చూసుకోండి. అమ్మమ్మగారి ఊరెళ్తే ఏడు పెంకులాటకు, కబడ్డీకి జట్టు కూడా దొరుకుతుంది.

హాలిడే హోంవర్క్ ఎంతవరకు వచ్చిందని రోజూ అడుగుతాం కదా! ఈరోజు ఎంతసేపు ఆడావని కూడా అడగండి. వీలైన రోజు మీరూ వాళ్లతో కలిసి ఆడండి.